వేలిముద్ర నుంచి అచ్చుబొమ్మ దాకా



మీ బొటనవేలు ఒకసారి చూడండి. దాని మీద సన్నని గీతలున్నాయి. గీతలు ఎత్తుగా ఉంటాయి. గీతల నడుమ సందులు లోతుగా ఉంటాయి. వేలిని సిరా దిండు మీద అద్దితే ఎత్తు గీతలకే సిరా అంటుతుంది. సందులకు అంటదు. అదే వేలిని కాగితం మీద ఒత్తితే గీతలు నల్లగా పడతాయి. సందులు తెల్లగా మిగులుతాయి. దాన్నే మనం వేలిముద్ర అంటాం.

అంటే ఏమిటి? అక్షరాలు నేర్వక ముందే మనకు అచ్చు వేయడం వచ్చు అన్నమాట.

గోలేటిలో మన చదువు కేంద్రంలో ఒక రాత్రి నేను ఈ మాట చెప్పాను. అందరూ నవ్వారు. ఒక పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "బిడ్డా, నీకు అది అచ్చు. నాకు అది కొంప ముంచిన ముద్ర" అన్నది.

ఆమె ఇట్లా చెప్పింది: "మా ఆయన పోయినంక దగ్గరోళ్లే కాయితం తెచ్చిండ్రు. పింఛన్ కాయితం అన్నరు. ఏలు పెట్టిన. రెండెకరాల చెల్క పోయింది. కాయితంల ఏమున్నదో నాకేం ఎరుక?"

ఎవరూ మాట్లాడలేదు. కొంచెంసేపు అయినాక ఇంకొక అక్క అన్నది: "ఇప్పుడు రేషన్ షాపుల మిషన్ మీద చదువొచ్చినోళ్లు గూడ ఏలే పెడుతున్నరు గదా!"

నిజమే. తప్పు వేలిది కాదు. కాగితంలో ఏముందో మనకు తెలియకపోవడమే కష్టం. ముద్ర మంచిదే. అది ఎవరి చేతిలో ఉంది, దేనికోసం పడుతుంది అన్నదే అసలు సంగతి.

ఈ పాఠంలో మంచి ముద్రల గురించి తెలుసుకుందాం. స్వాతంత్ర్యం కోసం, భూమి కోసం పోరాడిన ఆడవాళ్లను అచ్చుబొమ్మలు ఎట్లా గుర్తు పెట్టుకున్నాయో చూద్దాం. చివర మనమూ ఒక బొమ్మ అచ్చు వేద్దాం.

అచ్చుబొమ్మ అంటే ఏమిటి?

చేత్తో గీసిన బొమ్మ ఒకటే ఉంటుంది. అది ఒక ఇంటి గోడ మీదనే ఉంటుంది. అచ్చుబొమ్మ అట్లా కాదు. ముందు ఒక చెక్క మీద బొమ్మను చెక్కుతారు. ఆ చెక్కను అచ్చు అంటారు. అచ్చుకు సిరా పూసి కాగితం మీద ఒత్తుతారు. ఒక్క అచ్చుతో వంద కాగితాలు వేయవచ్చు. వంద ఊళ్లకు పంపవచ్చు.

ఇది మనకు కొత్త కాదు. కృష్ణా జిల్లాలో పెడన అనే ఊరు ఉంది. మచిలీపట్నం దగ్గర. అక్కడ టేకు చెక్క మీద పూలు, తీగలు చెక్కుతారు. ఆ అచ్చులను రంగులో ముంచి బట్ట మీద అద్దుతారు. అదే కలంకారీ బట్ట. చీరల మీద ఆ పూలను మీరు చూసే ఉంటారు. ఆఫీసులో కాగితం మీద గుద్దే రబ్బరు స్టాంపు కూడా అచ్చే.

బొమ్మలు వేసేవారు చెక్కతో పాటు లినోలియం అనే మందపాటి పట కూడా వాడతారు. లినోలియం మొదట ఇళ్లలో నేల మీద పరచడానికి తయారైంది. అవిసె నూనె, బెరడు పొడి కలిపి జనపనార బట్ట మీద పరిచి దాన్ని చేస్తారు. అది చెక్క కంటే మెత్తగా ఉంటుంది. చిన్న ఉలితో సులువుగా తెగుతుంది. అందుకే ఎక్కువ డబ్బు లేనివాళ్లు కూడా దాని మీద బొమ్మలు చెక్కారు.

చెక్కేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనం తీసేసిన చోటు తెల్లగా పడుతుంది. వదిలేసిన చోటు నల్లగా పడుతుంది.

సిరా ఎట్లా తయారవుతుంది?

మన అమ్మమ్మలు కాటుక ఎట్లా చేసేవారు? దీపం వెలిగించి, పైన పళ్లెం బోర్లించేవారు. పళ్లేనికి మసి పట్టేది. ఆ మసిలో ఆముదం కలిపేవారు. కాటుక తయారు.

నల్లని అచ్చు సిరా కూడా ఇట్లాగే పుట్టింది. అందులోనూ మసి ఉంటుంది. నూనె ఉంటుంది. కానీ ఆముదం కాదు, కాచిన అవిసె నూనె. ఎందుకు? ఆముదం ఆరదు. అందుకే కాటుక చెరిగిపోతుంది. అవిసె నూనె గాలి తగిలితే ఆరి గట్టిపడుతుంది. కాగితాన్ని పట్టుకుంటుంది. ఏళ్లు గడిచినా చెరగదు.

బొగ్గు బాయిల ఊరు మనది. మసి సంగతి మనకు ఒకరు చెప్పాలా? ఒంటికి అంటిన మసిని రోజూ కడిగి వదిలించుకుంటాం. అదే మసి కాగితం మీద పడితే మనిషి ముఖాన్ని వందేళ్లు నిలుపుతుంది.

ఒక పెద్ద నడక, ఒక చిన్న బొమ్మ

1930లో ఇంగ్లీషు ప్రభుత్వం ఉప్పు మీద పన్ను వేసేది. సముద్రం ఒడ్డున ఉప్పు తీసుకుంటే నేరం. గాంధీజీ దీన్ని ఎదిరించారు. మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి నడిచారు. ఏప్రిల్ 6న దండి దగ్గర ఉప్పు తీశారు.

ఆ ఏడాదే బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ ఒక అచ్చుబొమ్మ చేశారు. లినోలియం మీద చెక్కారు. నల్లని నేపథ్యం. తెల్లని గీతలతో గాంధీజీ. చేతిలో కర్ర. అడుగు ముందుకు పడుతూ ఉంటుంది. అంతే. ఆ బొమ్మ దేశమంతా పేరు పొందింది. చదువు రానివాళ్లకు కూడా అది అర్థమవుతుంది. చూస్తే చాలు.

ఇప్పుడు ఒక ప్రశ్న. దండికి నడిచిన ఆ మొదటి జట్టులో ఆడవాళ్లు ఎంతమంది? ఒక్కరూ లేరు. ఆడవాళ్లను ఆ జట్టులోకి తీసుకోలేదు. ఆడవాళ్లు అడిగారు, మేమూ వస్తామన్నారు. ఆ తర్వాత వేలమంది ఆడవాళ్లు ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. జైళ్లకు పోయారు. వాళ్లలో ఇద్దరి గురించి తెలుసుకుందాం.

తపాలా బిళ్ల మీద మన ఇద్దరు

మొదటి ఆమె సరోజినీ నాయుడు. 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టారు. తల్లిదండ్రులు బెంగాలీలు. పెళ్లాడింది తెలుగు డాక్టరు గోవిందరాజులు నాయుడును. కులం వేరైనా పెళ్లి చేసుకున్నారు. ఆమె కవయిత్రి. 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలు అయ్యారు. ఆ పదవి ఎక్కిన మొదటి భారత స్త్రీ ఆమే.

దండి తర్వాత గాంధీజీని జైల్లో పెట్టారు. గుజరాత్‌లోని ధరాసనలో ఉప్పు గోదాముల ముందు సత్యాగ్రహం చేయాలి. ఎవరు నడిపించాలి? సరోజినీ నాయుడు ముందు నిలబడ్డారు. అది 1930 మే 21. సుమారు 2,500 మంది వచ్చారు. పోలీసులు లాఠీలతో కొట్టారు. తలలు పగిలినా ఎవరూ చేయి ఎత్తలేదు. సరోజినీని అరెస్టు చేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆమె యునైటెడ్ ప్రావిన్సెస్‌కు గవర్నరు అయ్యారు. ఇప్పుడు దాన్ని ఉత్తరప్రదేశ్ అంటున్నాం. 1949లో చనిపోయారు.

రెండో ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి తనకు వద్దని చెప్పి బయటకు వచ్చారు. ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టారు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ప్రదర్శన ద్వారం దగ్గర దుర్గాబాయి కాపలా ఉన్నారు. అప్పుడు ఆమెకు 14 ఏళ్లు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని ఆమెకు చెప్పారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. దుర్గాబాయి ఆపేశారు! టికెట్ కొన్నాకనే లోపలికి పంపారు. పెద్దవాళ్లు కోప్పడ్డారు. నెహ్రూ మాత్రం ఆమెను మెచ్చుకున్నారు.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుకు పోయారు. తర్వాత లా చదివి వకీలు అయ్యారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు మళ్లీ చదువు చెప్పించారు. మన రాజ్యాంగాన్ని రాసిన సభలో సభ్యురాలుగా ఉన్నారు. 1981లో చనిపోయారు.

ఈ ఇద్దరి బొమ్మలతో మన ప్రభుత్వం తపాలా బిళ్లలు వేసింది. సరోజినీ బిళ్ల 1964లో వచ్చింది. దుర్గాబాయి బిళ్ల 1982లో వచ్చింది. ఆ బిళ్లలు మహారాష్ట్రలోని నాసిక్ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. తపాలా బిళ్ల కూడా అచ్చుబొమ్మే. వేలెడంత ఉంటుంది. కానీ ఉత్తరం ఎక్కడికి పోతే ఆ ముఖం అక్కడికి పోతుంది.

మన తెలంగాణ ముద్రలు

ఇంగ్లీషువాళ్ల మీద పోరాటం అక్కడ జరుగుతుంటే ఇక్కడ ఏం జరిగింది? ఇక్కడ నిజాం రాజ్యం. దేశానికి 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాదు సంస్థానం 1948 సెప్టెంబరు 17న భారతదేశంలో కలిసింది. అప్పటిదాకా ఊళ్లలో దొరలదే రాజ్యం. వెట్టి చేయించుకునేవారు. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా పని చేయించడం.

చిట్యాల ఐలమ్మ చాకలి కులంలో పుట్టింది. అందరూ చాకలి ఐలమ్మ అంటారు. ఊరు పాలకుర్తి. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆమె మల్లంపల్లి భూస్వాముల దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. సాగు చేసింది. బట్టలు ఉతికే ఇంటి మనిషి సేద్యం చేస్తుందా అని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కోపం. ఆ భూమి నాదే అన్నాడు. పంట కోసుకు రమ్మని మనుషులను పంపాడు.

ఐలమ్మ బెదరలేదు. ఆమె సంఘంలో చేరి ఉంది. సంఘం అంటే ఆంధ్ర మహాసభ. ఊళ్లో వాళ్లు "గుత్పల సంఘం" అని కూడా అనేవారు. గుత్ప అంటే కర్ర. సంఘం వాళ్లు వచ్చి తోడు నిలిచారు. దొర మనుషులను తరిమేశారు. పంట కోసి ఐలమ్మ ఇంటికి చేర్చారు. దొర కక్ష తీర్చుకున్నాడు. ఆమె కుటుంబం ఎన్నో బాధలు పడింది. అయినా ఆమె భూమి వదలలేదు. ఈ ధైర్యం ఊరూరా పాకింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ఇటువంటి తెగువే బలమిచ్చింది.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

మల్లు స్వరాజ్యం 1931లో పుట్టింది. పేరులోనే స్వరాజ్యం ఉంది. భూస్వాముల ఇంటి బిడ్డ. అయినా పేదల పక్షాన నిలబడింది. చిన్న వయసులోనే పోరాటంలోకి పోయింది. పాటలు పాడి ఆడవాళ్లను కూడగట్టింది. దళం నడిపింది. ఆమెను పట్టిచ్చినవారికి 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దొరకలేదు. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. 2022 మార్చి 19న చనిపోయింది.

ఇట్లాంటి ఆడవాళ్లు ఎంతోమంది. పోరాటం ముగిసినాక చాలామందిని ఇంటికి పొమ్మన్నారు. పుస్తకాల్లో మగవాళ్ల పేర్లే వచ్చాయి. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే సంఘం ఆడవాళ్లు ఊళ్లకు పోయి, వాళ్లను వెతికి, వాళ్ల మాటలను రికార్డు చేశారు. 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. ఆ పుస్తకం పేరును ఇంకోసారి చదవండి. అది మన గురించే.

దూరదేశపు అక్క

మెక్సికో అనే దేశంలో 1946లో ఎలిజబెత్ కాట్లెట్ అనే చిత్రకారిణి పని మొదలుపెట్టింది. ఆమె అమెరికాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఆమె తాతల కాలంలో నల్లవాళ్లు బానిసలు. పశువులను అమ్మినట్టు వాళ్లను అమ్మేవారు.

కాట్లెట్ 1946, 1947 సంవత్సరాల్లో 15 అచ్చుబొమ్మలు చేసింది. అన్నీ లినోలియం మీద చెక్కినవే. ఒకదానిలో హేరియట్ టబ్మన్ ఉంది. టబ్మన్ బానిసగా పుట్టింది. 1849లో తప్పించుకుంది. తాను బయటపడి ఊరుకోలేదు. సుమారు 13 సార్లు తిరిగిపోయి దాదాపు 70 మందిని విడిపించి తెచ్చింది. ఆమెకు చదవడం రాదు. దారి మాత్రం బాగా తెలుసు. బొమ్మలో ఆమె చేయి చాచి దారి చూపుతూ ఉంటుంది.

ఈ 15 బొమ్మల్లో నాయకురాళ్లు మాత్రమే లేరు. ఇళ్లలో పని చేసేవాళ్లు, పొలంలో పని చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు పేర్లు లేవు. కానీ నాయకురాళ్ల పక్కనే వాళ్ల బొమ్మలున్నాయి. కాట్లెట్ వాళ్లను వేరు చేసి చూడలేదు.

మనమూ అచ్చు వేద్దాం

ఉలి, లినోలియం లేకున్నా అచ్చు వేయవచ్చు. మన కేంద్రంలో మేము ఇట్లా చేశాం.

1. పాత సైకిల్ ట్యూబు తెచ్చుకోండి. కడిగి ఆరబెట్టండి.
2. కాగితం మీద బొమ్మ గీయండి. పెద్ద పెద్ద గీతలు చాలు.
3. బొమ్మ ఆకారంలో ట్యూబును కత్తెరతో ముక్కలుగా కత్తిరించండి.
4. ముక్కలను గట్టి అట్ట మీద జిగురుతో అతికించండి. ఒక రాత్రి ఆరనివ్వండి. ఇదే మీ అచ్చు.
5. స్పాంజి ముక్కతో స్టాంపు సిరా గానీ చిక్కటి రంగు గానీ పలుచగా అద్దండి. ఎక్కువ పెడితే అలుక్కుపోతుంది.
6. పైన కాగితం పెట్టండి. గరిటె వెనక వైపుతో అంతటా మెల్లగా రుద్దండి.
7. ఒక మూల పట్టుకుని కాగితాన్ని నిదానంగా లేపండి. దండెం మీద ఆరవేయండి.

కత్తెర దగ్గర జాగ్రత్త. చిన్న పిల్లలకు ఇవ్వకండి.

మేము మొదట ఐలమ్మ బొమ్మ చేశాం. కింద ఆమె పేరు అతికించాం. సిరా అద్ది, రుద్ది, కాగితం లేపి చూశాం. పేరంతా తిరగబడి ఉంది! అద్దంలో చూసినట్టు ఉంది. అందరం నవ్వుకున్నాం. అచ్చులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందుకే రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి.

ఇప్పుడు ఆ అక్షరాలను తిరగేసి కత్తిరించాలి. ఎవరు చేస్తారు? ఆ పెద్దమ్మ ముందుకు వచ్చింది. పలుచని కాగితం మీద ఐలమ్మ పేరు రాసింది. కాగితాన్ని తిప్పి దీపం వెలుగుకు పట్టింది. అటువైపు నుంచి కనబడ్డ అక్షరాలను చూసి కత్తిరించింది. రెండు రాత్రులు పట్టింది. ఈసారి పేరు సరిగ్గా పడింది. వేలిముద్రతో చెల్క పోగొట్టుకున్న చేయి అది. అదే చేయి భూమి వదలని ఐలమ్మ పేరును అచ్చు వేసింది.

"మేమెవ్వలం ఐలమ్మను చూడలేదు గదా, ముఖం ఎట్ల గీసినవు?" అని ఒక చెల్లె అడిగింది. విగ్రహాల్లో ఐలమ్మ చేతిలో కర్ర ఉంటుంది. మేము అదే తీసుకున్నాం. నడుముకు కొంగు, చేతిలో కర్ర, కాలి కింద వరి. ముఖం మాత్రం తలా ఒక మాట చెప్పి చేశాం. కొంచెం ఆ పెద్దమ్మ లాగానే వచ్చింది.

ఇంకెవరి బొమ్మ వేద్దాం?

సరోజినీకి, దుర్గాబాయికి తపాలా బిళ్లలున్నాయి. ఐలమ్మకు విగ్రహాలున్నాయి. కానీ దళాలకు రాత్రిపూట అన్నం వండి పెట్టిన అమ్మ ఎవరు? కొంగులో చీటీ దాచి మోసిన చెల్లె ఎవరు? కొందరి పేర్లే మిగల్లేదు.

మన దగ్గర కూడా అంతే. సమ్మెల్లో బాయి గేటు ముందు కూర్చున్న ఆడవాళ్లున్నారు. సారా వద్దని కర్రలు పట్టినవాళ్లున్నారు. వాళ్లను ఎరిగిన ముసలివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే అడగాలి. చెప్పింది రాసుకోవాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. ఇక "మాకేం ఎరుక" అనడానికి లేదు.

ఈ వారం పని: మీ వాడలో పెద్దామె ఒకరి దగ్గరికి పోండి. ఆమెకు గుర్తున్న ధైర్యవంతురాలి పేరు అడగండి. ఆ పేరు, ఆ ఊరు, ఆ సంగతి ఐదు వాక్యాల్లో రాయండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి. తప్పుంటే దిద్దుకోండి. తర్వాత అచ్చు చేద్దాం.

కొత్త మాటలు

అచ్చు: బొమ్మను గానీ అక్షరాలను గానీ ఒత్తడానికి చెక్కిన చెక్క
కౌలు: ఒకరి భూమిని ఒప్పందం మీద సాగు చేయడం
సత్యాగ్రహం: కొట్టకుండా, తిట్టకుండా అన్యాయాన్ని ఎదిరించడం
దళం: పోరాటంలో కలిసి తిరిగే చిన్న జట్టు

చెప్పండి

1. అచ్చులో ఏ భాగానికి సిరా అంటుతుంది? ఎందుకు?
2. కాటుకకు, అచ్చు సిరాకు తేడా ఏమిటి?
3. కాకినాడలో దుర్గాబాయి నెహ్రూను ఎందుకు ఆపారు? మీరైతే ఆపేవారా?
4. ఐలమ్మ పంటను ఎవరు, ఎట్లా కాపాడారు?
5. చదవని కాగితం మీద వేలు పెట్టమంటే మీరు ఏమంటారు? కలిసి మాట్లాడుకోండి.